నేను వాళ్లకు ఏమీ కాను

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చారు. ముందు అందుకు థ్యాంక్స్. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం "మానసిక ఆరోగ్యం, మానవత్వం". ఫోన్ పెట్టేసే ముందు ఒకాయన, "టెన్షన్ తగ్గడానికి ఓ పది చిట్కాలు కూడా చెప్పండి మేడం, జనం రాసుకుంటారు" అన్నారు. చిట్కాలు నా దగ్గర లేవండీ. అవి రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్‌లతో పాటు మీ ఫోన్లలోకి వచ్చి పడుతూనే ఉన్నాయి. వాటితో టెన్షన్ తగ్గి ఉంటే ఇవాళ ఈ హాలు ఖాళీగా ఉండేది. నా గదిలో నేనేం చేస్తానో, ఎందుకలా చేస్తానో, అది చెప్తాను.

ముందుగా ఒక మాట. ఇవాళ కొందరు మనుషుల గురించి చెప్తాను. వాళ్లలో ఎవరూ ఒక్క మనిషి కాదు. నలుగురైదుగురిని కలిపి, ఊరూ వృత్తీ మార్చి చెప్తున్నాను. బెజవాడ ఎంత పెరిగినా "సత్యనారాయణపురంలో ఉంటారు, లెక్చరరు, ఇద్దరాడపిల్లలు" అంటే చాలు, మూడో వరసలో ఎవరో ఒకరికి పేరు తెలిసిపోతుంది. కాబట్టి ఎవరో గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి. దొరకరు.

ఆసుపత్రికి ఎవర్ని చూడ్డానికి వెళ్లినా మనల్ని అడిగే మొదటి ప్రశ్న "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని. అమ్మను, మేనమామను, తోడల్లుణ్ని, పక్కింటివాణ్ని... అందరికీ ఏదో ఒక జవాబు ఉంటుంది. నన్నడిగితే మాత్రం ఏమీ కాను అనే చెప్పాలి. ఏమీ కాకపోవడమే నా ఉద్యోగం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే. కాకపోతే వివరంగా చెప్తాను.

కష్టం వస్తే మనవాళ్లకి మనుషుల కొరత ఉండదు. ఫోన్ చేస్తే గంటలో గుంటూరు నుంచి అన్నయ్య దిగుతాడు, తెనాలి నుంచి పెద్దమ్మ వస్తుంది. ప్రేమా ఉంటుంది. చిక్కేమిటంటే వాళ్లందరికీ ఆ కష్టంలో వాటా ఉంటుంది. కొడుకు చదువు మానేస్తానంటే తండ్రికి కళ్ల ముందు తను చేసిన అప్పు కనిపిస్తుంది. కూతురు పుట్టింటికి వచ్చేస్తానంటే తల్లికి చెల్లెలి పెళ్లి గుర్తొస్తుంది. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నా ఇంట్లో నేనూ అంతే. వాటా ఉన్నవాళ్లకి వింటుండగానే భయం పుడుతుంది. భయం పుట్టగానే నోట్లోంచి సలహా వచ్చేస్తుంది. ఎదుటి మనిషి మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆ మనిషి ఏం తేల్చుకున్నా నష్టంగానీ లాభంగానీ లేనివాళ్లు ఒకరు కావాలి. ఆ ఒకరికి చదువూ శిక్షణా ఉండాలి. అలాంటివాళ్లని సైకోథెరపిస్టు అంటున్నారు.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మానసిక పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. మాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి. "కౌన్సెలర్" అన్న బోర్డు మాత్రం మొన్నటిదాకా ఎవరు కావాలంటే వాళ్లు కట్టుకున్నారు. వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఉన్నారు, అదీ చేయనివాళ్లూ ఉన్నారు.

ఇక మనుషులు నా దాకా ఎలా వస్తారో చెప్పాలి. నేరుగా ఎవరూ రారు. ఆసుపత్రులుండే సూర్యారావుపేట మొత్తం తిరిగి వస్తారు. గుంటూరు వాళ్లైతే కొత్తపేట తిరిగి. చేతిలో బట్టల షాపు కవరు, అందులో ఫైలు. ఒకాయన తీసుకొచ్చిన ఫైలు నాకిప్పటికీ గుర్తే. ఈసీజీలు తారీఖుల వారీగా పేర్చి, ఒక్కోదానికీ పక్కన పెన్సిలుతో "నార్మల్" అని రాసుకున్నారు. టూడీ ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్, ఎండోస్కోపీ, మెదడు స్కానింగు. ఆఖర్న ఒక తాయెత్తు కూడా ఉంది, ఫైల్లోనే, చిన్న కవర్లో పెట్టి. "ఇదీ పని చెయ్యలేదు మేడం" అన్నారు, అదీ ఒక రిపోర్టే అన్నట్టు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. అంతవరకు ఆయన నవ్వు మొహం ఇంట్లోవాళ్లు చూసి ఎన్నాళ్లయిందో మరి, పక్కన కూర్చున్న భార్య మాత్రం ఆశ్చర్యంగా చూసింది.

ఆయనకున్నది పానిక్ డిజార్డర్. ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరి అందకపోవడం, ఇదే ఆఖరు అన్న భయం. ఎలా జరుగుతుందంటే, ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది. మెట్లెక్కడమో, కాఫీ ఎక్కువ తాగడమో. మెదడు దాన్ని ప్రమాదం కింద లెక్కేస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, వేళ్లూ పెదాల చుట్టూ తిమ్మిర్లెక్కుతాయి. అదిగో, గుండెపోటే అనుకుంటాడు. భయం రెట్టింపవుతుంది. దొంగ లేకుండానే కుక్క మొరుగుతోంది, ఆ మొరుగుడు విని మనం దొంగ వచ్చాడనుకుంటున్నాం. చాలాసార్లు పది నిమిషాల్లోపే అది పతాక స్థాయికి చేరి తర్వాత దానంతటదే దిగుతుంది. ఈలోగా ఆటో ఎక్కేస్తారు. ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చేసరికి తగ్గిపోతుంది. "ఆసుపత్రికి రాబట్టే బతికాను" అని మనసులో పడిపోతుంది. ఆ నమ్మకాన్ని మార్చడమే చికిత్సలో ముఖ్యమైన భాగం. భయపడే పరిస్థితుల్లోకి కొంచెం కొంచెంగా పంపి, ఏమీ కాదని ఒంటికే తెలిసేలా చేస్తాం. మొదటిసారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లడం సరైన పనే, నేనూ పంపిస్తాను. ఏడోసారి వెళ్లడమే అనవసరం.

"మనోవ్యాధికి మందు లేదు" అని మన సామెత. ఆ సామెత పుట్టిన రోజుల్లో నిజంగానే లేదు. 1949లో లిథియం, 1952లో క్లోర్‌ప్రోమజైన్ వచ్చాయి. మందులొచ్చి డెబ్భై ఏళ్లు దాటింది, సామెత మాత్రం అలాగే ఉంది. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు, అందులో మన ఆంధ్ర లేదు. మన దగ్గర మెరుగ్గా ఉంటుందని అనుకునే ధైర్యం నాకైతే లేదు.

సరే, గదిలోకి వద్దాం. మన దగ్గర పేషెంటు ఒంటరిగా రాడు. కుర్చీలు చాలవు. ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుకున్న చికిత్సలో ఇద్దరే ఉంటారు, రెండు సోఫాలు, ఒక టిష్యూ పేపర్ల డబ్బా. మన గదిలో అమ్మ, బాబాయి, బావగారు, వాళ్లను తీసుకొచ్చిన ఆటో అబ్బాయి కూడా లోపలికి వచ్చి నిలబడతాడు. కొత్తలో నాకు చిరాగ్గా ఉండేది. తర్వాత డాక్టర్ విద్యాసాగర్ గురించి చదివాను. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిని ఆయన నడిపేవారు. కుటుంబాలు రోగుల్ని వదిలేసి వెళ్లిపోయే రోజులవి. ఆయన ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, కుటుంబాలని కూడా అక్కడే ఉంచారు. రోగి దగ్గరే వండుకుని తిన్నారు, చికిత్స ఎలా జరుగుతోందో కళ్లారా చూశారు, తగ్గాక వెంట తీసుకెళ్లారు. ఆ తర్వాత వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనూ కుటుంబసభ్యుల్ని పక్కనే ఉంచి చికిత్స చేసే పద్ధతి వచ్చింది. అందుకని నేను మనవాళ్ల గుంపుని తప్పుపట్టను. తీవ్రమైన జబ్బులో, ముఖ్యంగా లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టే స్కిజోఫ్రీనియాలో, మందు టైముకి పడేది ఆ గుంపు వల్లే.

అయితే ఆ గుంపుని కాసేపు బయటికి పంపాల్సిన సమయం ఒకటి వస్తుంది. అక్కడ మొదలవుతుంది అసలు గొడవ. ఇరవై రెండేళ్ల అబ్బాయి, బీటెక్ ఆఖరి ఏడాది, మూడు నెలలుగా గది దాటట్లేదు. అమ్మ తీసుకొచ్చారు.

"నేను కన్నతల్లినమ్మా. నాకు తెలియని రహస్యం వాడికేం ఉంటుంది?" అన్నారావిడ.

"ఉండకపోవచ్చమ్మా. ఉన్నా లేకపోయినా ఓ అరగంట మీ అబ్బాయితో విడిగా మాట్లాడాలి."

"మీరేం మాట్లాడారో తర్వాత నాకు చెప్తారుగా?"

"చెప్పనమ్మా. ప్రాణం మీదికొచ్చే సంగతైతే చెప్తాను. చెప్తానన్న మాట అబ్బాయికి కూడా ముందే చెప్తాను."

ఆవిడ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి నీళ్ల సీసా అబ్బాయి పక్కన పెట్టి వెళ్లారు. తలుపు మూసుకున్నాక అతను అడిగిన మొదటి మాట, "అమ్మ ఏడుస్తోందా బయట?" అని. "తెలీదు, చూసి రావాలనుంటే చూసి రా" అన్నాను. వెళ్లొచ్చాడు. కూర్చున్నాడు. చాలాసేపు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు, బ్యాక్‌లాగ్స్, అంటే తప్పిన సబ్జెక్టులు, ఎన్ని ఉన్నాయో, ఇంట్లో ఎన్ని ఉన్నాయని చెప్పాడో. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే అతను మూడు నెలలుగా కాపురముంటున్నాడు.

ఆ అంకెని అమ్మకి చెప్పలేదు నేను. చెప్పే హక్కు నాకు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ గోప్యతని పేషెంటు హక్కుగా రాసింది. చట్టం లేకపోయినా చెప్పేదాన్ని కాదనుకోండి. కొన్ని వారాల తర్వాత అతనే చెప్పుకున్నాడు, ఎలా చెప్పాలో మేమిద్దరం రెండు మూడుసార్లు రిహార్సల్ వేశాక. ఆ తల్లికి నా మీద కోపం పోవడానికి మాత్రం ఇంకొంచెం టైము పట్టింది.

గోప్యతకి హద్దులున్నాయి. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే నోరు మూసుకుని కూర్చోను. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం. ఇవన్నీ మొదటి రోజే, మొదటి పావుగంటలోనే చెప్పేస్తాను. మనిషి నోరు విప్పాక నిబంధన బయటపెడితే అది మోసం.

ఇప్పుడు సలహాల సంగతి. "మీరెలా చెప్తే అలా చేస్తా మేడం. విడిపొమ్మంటే విడిపోతా, సర్దుకుపొమ్మంటే సర్దుకుపోతా." ఈ మాట వినని వారం ఉండదు. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1957లో ఒక వ్యాసం రాశారు. మనిషి మారడానికి చికిత్సకుడు ఇవ్వాల్సింది సలహా కాదన్నారు. షరతుల్లేని ఆదరణ, ఎదుటివాళ్ల లోపలి నుంచి చూడగలగడం, నటన లేకుండా ఉండడం, ఇవి చాలన్నారు. చదువుకునే రోజుల్లో నాకది వేదం. ప్రాక్టీసులో కూర్చున్నాక చూస్తే, రెండు వందల కిలోమీటర్లు బస్సులో వచ్చిన మనిషికి "మీకేమనిపిస్తోంది?" అని మాత్రమే అడిగి పంపితే, "ఆవిడకేం రాదు, మనల్నే అడుగుతోంది" అని వెళ్లిపోతారు. మళ్లీ రారు.

మన దేశపు సైకియాట్రిస్టు జస్వంత్ సింగ్ నేకీ 1973లో దీని మీద రాశారు. మనవాళ్లకి తెలిసిన బంధం గురుశిష్య బంధం కదా, చికిత్సకి దాన్నే నమూనాగా ఎందుకు తీసుకోకూడదు అన్నారు. ఆయనతో నేను సగమే ఒప్పుకుంటాను. మొదట్లో దారి చూపించాలి, నిజమే. నిద్ర ఎలా సరిచేసుకోవాలి, పొద్దున లేచి ఏం చేయాలి, మందు ఎప్పుడు వేసుకోవాలి, ఇవి గట్టిగానే చెప్తాను. విడిపోవాలా వద్దా అన్నది మాత్రం చెప్పను. గురుపీఠం మెత్తగా ఉంటుంది, కూర్చుంటే లేవబుద్ధి కాదు. పైగా మన రాష్ట్రంలో ఇప్పటికే గురువులు చాలామంది ఉన్నారు. (నవ్వులు) ఆమె కాపురం ఆమె చేయాలి. నా సలహాతో విడిపోతే రేపు పశ్చాత్తాపం వచ్చినప్పుడు అది నా లెక్కలో పడుతుంది, ఆమె బతుకు మళ్లీ ఇంకొకరి చేతిలోనే ఉండిపోతుంది.

ఫీజు గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. "మాట్లాడినందుకు డబ్బులా?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. మీరు మీ వదినగారికి గోడంతా చెప్పుకున్నారనుకోండి. ఆవిడ విన్నారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక మీకు కొత్త బరువు మొదలవుతుంది. ఆవిడ దగ్గర తగ్గి ఉండాలి, రేపు ఆవిడకి కష్టమొస్తే వినాలి, ఎక్కడైనా చెప్తుందేమోనని కనిపెట్టుకుని ఉండాలి. నా దగ్గర ఆ బాకీ అక్కడికక్కడే తీరిపోతుంది. కాబట్టి నా మీద కోపం తెచ్చుకోవచ్చు, నేను చెప్పింది తప్పని మొహం మీదే అనొచ్చు. అనాలి కూడా. డబ్బు కట్టలేనివాళ్లకి గుంటూరు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో, బెజవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ రద్దీ ఎక్కువ, డాక్టరు మీకిచ్చే టైము తక్కువ, కానీ మందు దొరుకుతుంది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఒంటి జబ్బుకి ఎలా ఇస్తారో మానసిక జబ్బుకి కూడా అలాగే బీమా ఇవ్వాలని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెప్తోంది. కాదంటే రాతపూర్వకంగా కారణం అడగండి.

ఏమీ కాకుండా ఉండడం మన ఊళ్లో చాలా కష్టం. బీసెంటు రోడ్డులో చీర బేరమాడుతుంటే పక్కన నా పేషెంటు ఉంటారు. పెళ్లికి వెళ్తే భోజనాల బంతిలో ఎదురుగా కూర్చుంటారు. అందుకే మొదటి రోజే చెప్తాను, "బయట కనిపిస్తే నేను ముందుగా పలకరించను, గర్వం అనుకోకండి. మీరు పలకరిస్తే పలుకుతాను". ఒకావిడ దీన్ని ఎంత బాగా పాటించారంటే, కల్యాణ మండపంలో నా పక్క కుర్చీలో గంటన్నర కూర్చుని, వెళ్లేముందు "మీరెవరి తరఫు?" అని అడిగి మరీ వెళ్లారు.

పల్నాడు వైపు నుంచి ఒక రైతు వచ్చేవారు. డిప్రెషన్ తగ్గాక ఒక రోజు గోతాంతో వచ్చారు. తేజ రకం మిర్చి, యార్డుకి వేసుకెళ్తూ మాకోసం ఒకటి దింపారు. గది నిండా ఘాటు, తర్వాత పేషెంటు తుమ్ముతూనే ఉన్నారు. ఖరీదైన కానుకలు తీసుకోకూడదన్నది మా నియమం. గోతాం మిర్చి ఖరీదు మీకు తెలుసు. ఒద్దంటే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటాడు. ఒక కవర్లో రెండు దోసిళ్లు పోయించుకుని మిగతాది పంపించేశాను. "ఘాటు తట్టుకోలేర్లెండి మీరు" అన్నారాయన, నా మీద జాలిపడుతూ. నియమం, మర్యాద రెండూ నిలబడ్డాయి. ఆ ఏడాది మా ఇంట్లో పచ్చళ్లన్నిటికీ అదే కారం.

ఆ రైతు మొదట నా దగ్గరికి వచ్చింది ఆసుపత్రి నుంచి. పురుగుమందు తాగి బతికారు. ఈ విషయం మాత్రం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మన గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఇది తెలియని ఇల్లుండదు. కౌలు, అప్పు, పంట పోవడం, ధర పడిపోవడం, ఇవి కారణాలు. కాదనను. కానీ అదే అప్పున్న అందరూ ఆ పని చేయరు. ఆ క్షణం వచ్చినప్పుడు చేతికందే దూరంలో ఏముందన్నది చావుబతుకుల్ని తేలుస్తుంది. చాలామందిలో ఆ తీవ్రమైన ఘడియ ఎక్కువసేపు ఉండదు, దాటిపోతుంది. శ్రీలంకలో 1995 నాటికి మోనోక్రోటోఫాస్ లాంటి అతి విషపూరితమైన పురుగుమందుల్ని నిషేధించారు, తర్వాత మరికొన్నిటిని. పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. అప్పులు తీరి కాదు, పేదరికం పోయి కాదు. కాబట్టి ఇంట్లో పురుగుమందు డబ్బాలు పెట్టుకోకండి. పొలం దగ్గర తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి ఇంకొకరికి ఇవ్వండి. ఇది సైకాలజీ కాదంటారేమో. నా దృష్టిలో మొదటి సైకాలజీ ఇదే.

ఎవరి మీదైనా అనుమానం వస్తే సూటిగా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. ఎవరూ అడగనందుకే లోపల ఉడికిపోతుంటారు, అడిగితే ఊపిరి వదులుతారు. అవునంటే ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలీ మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు, 2022 నుంచి ఉంది, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. డబ్బులు పడవు. ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

పోలీసు కేసవుతుందేమోనని ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఆసుపత్రివాళ్లు పోలీసులకి కబురు చెప్తే చెప్పనివ్వండి. ముందు మనిషిని తీసుకెళ్లండి.

హాస్టళ్ల గురించి అడుగుతారని తెలుసు. ఇంటర్ చదువుకి రాష్ట్రమంతా పిల్లల్ని తీసుకొచ్చి దింపే ఊరు మనది. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో ఒక విద్యార్థిని మరణం మీద మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో, దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో పెట్టుకోవాలంది. మంచిదే. కాకపోతే నాకో సందేహం. ఆ కౌన్సెలర్‌కి జీతమిచ్చేది కాలేజీ. సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి "ఆ బైపీసీ పిల్ల ఏమంటోంది? ర్యాంకు వచ్చే పిల్లేనా?" అని అడుగుతారు. చెప్తే ఆ కౌన్సెలర్ ఇక ఏమీ కాని మనిషి కాదు, కాలేజీ మనిషి. పిల్లలు ఈ సంగతి రెండు రోజుల్లో పసిగడతారు. ఆ తర్వాత ఆ గదిలోకి ఎవరూ రారు, రికార్డుల్లో మాత్రం అందరూ బాగుంటారు. పిల్లల్ని చేర్పించేటప్పుడు ఏసీ ఉందా, ఏం కూర పెడతారు అని అడుగుతాంగా, "మీ కౌన్సెలర్ పిల్లలు చెప్పింది ఎవరికి చెప్తారు?" అని కూడా అడగండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద ఊరి మీదికి వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు మాలాంటివాళ్లం కొందరం వెళ్లాం. చాలామంది ఫోన్ చేసి, "వాళ్లతో జరిగిందంతా చెప్పించండి, ఏడిస్తే తేలికపడతారు" అన్నారు. అది సినిమా వైద్యం. విపత్తు జరిగిన వెంటనే మనిషి చేత బలవంతంగా అంతా చెప్పించడం మేలు చెయ్యదని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిలో కూడా ముందు చూడమంటారు, వినమంటారు, అవసరమైన సాయం దగ్గరికి చేర్చమంటారు. అంతే. ఒక పెద్దావిడ తడిసిన రేషన్ కార్డు, మనవరాలి పదో తరగతి సర్టిఫికెట్టు మంచం మీద పరిచి, ఎగిరిపోకుండా వాటి మీద గరిటెలు పెట్టి ఆరబెట్టుకుంటున్నారు. నేనెవరో ఏంటో అడగలేదు. "అమ్మాయ్, ఆ చివర పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. ఆ పూట నేను చేసిన చికిత్స అదే.

మా సంగతి కూడా ఒక్క మాట. రోజంతా విని ఇంటికెళ్తే మా ఇంట్లోవాళ్లు చెప్పేది వినే ఓపిక ఉండదు. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన జబ్బు. అందుకే మాకూ ఒక సీనియర్ ఉండాలి, మేమూ వెళ్లి చెప్పుకోవాలి. పేర్లు చెప్పకుండా. అలా చెప్పుకోని థెరపిస్టు ఎంత మంచివారైనా కొన్నాళ్లకి యంత్రంలా తల ఊపడం మొదలుపెడతారు.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. చీటీ ఒకటి వచ్చింది, ఇది చదివి ఆపేస్తాను. "మా అమ్మాయికి బైపోలార్. నాలుగేళ్లుగా మందులు వాడుతోంది, ఉద్యోగం చేసుకుంటోంది. సంబంధాలు చూస్తున్నాం. అవతలివాళ్లకి చెప్పాలా?" పేరు రాయలేదు, రాయకపోవడమే మంచిది. బైపోలార్ అంటే కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు.

చెప్పాలి. దాచి చేసిన పెళ్లి హిందూ వివాహ చట్టం కింద కోర్టు దాకా వెళ్లే ప్రమాదం ఉంది, అదొక కారణం. అంతకంటే పెద్ద కారణం, దాచితే ఆ అమ్మాయి అత్తారింట్లో మందులు దొంగతనంగా వేసుకోవాలి. నాలుగు రోజులు వేసుకుంటుంది, ఐదో రోజు కుదరదు. అయితే ఎప్పుడు, ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలన్నది మీరు కాకుండా అమ్మాయి తేల్చుకోవాలి. చూపుల రోజునే బంధువులందరి ముందూ చెప్పక్కర్లేదు. మాట ముందుకి నడిచాక అబ్బాయితో తనే చెప్పుకోవచ్చు, కావాలంటే ఇద్దరూ కలిసి డాక్టర్ని కలవొచ్చు. పిల్లల్ని కనాలనుకుంటే ఏ మందు మార్చాలో ముందే అడగాలి, తమంతట తాము ఆపేయకూడదు.

చీటీలో అడగని మాట ఇంకోటి చెప్తాను. బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది. మన పెళ్లిళ్లు తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ ఉంటాయి. అంతకుముందు రెండు రాత్రులు మెహెందీ, సంగీత్ అని ఎవరూ పడుకోరు. పంతులుగారికి కారణం చెప్పక్కర్లేదు, పగటి ముహూర్తం కావాలని అడగండి. దొరుకుతుంది. పెళ్లికూతురి గదికి రాత్రి పదింటికి తలుపు వేయించే పని ఇంట్లో ఎవరైనా గట్టి మనిషికి అప్పగించండి.